పాలు బాగానే తాగుతాడు, హిమోగ్లోబిన్ మాత్రం 7.8. ఎందుకు?

పలమనేరు_అమ్మ | ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. బాబుకి 20 నెలలు, బరువు 10 కిలోలు. నెల కిందట జలుబు, జ్వరం అని చూపిస్తే కంటి కింది రెప్ప లాగి చూసి రక్త పరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 7.8 వచ్చింది. "రక్తం తక్కువుంది, ఈ సిరప్ రోజూ పొయ్యండి" అని చీటీ చేతిలో పెట్టారు. ఎందుకు తగ్గింది, మందు ఎలా పొయ్యాలి అని అడిగేలోపే తర్వాతి టోకెన్ పిలిచేశారు.

నెల రోజులు ఒక్క రోజు కూడా తప్పకుండా పోశాను. నిన్న మళ్ళీ పరీక్ష చేయిస్తే 7.9. ఏం చేసినట్టు?

మాకు రెండు ఆవులున్నాయి, పాలకు కొదవ లేదు. వాడు పాలు చాలా ఇష్టంగా తాగుతాడు. బొద్దుగా, తెల్లగా ఉంటాడు. ఊళ్ళో అందరూ "పాలు తాగే బిడ్డ, ఎంత తెల్లగున్నాడో" అంటే సంతోషపడేదాన్ని. ఆ తెలుపు రక్తం లేక వచ్చిందని తెలిసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. అన్నం పెడితే నోరు బిగించేస్తాడు. చూడకుంటే గోడ సున్నం గీకి తింటాడు, మట్టి కూడా. కడుపులో పురుగులని అత్తమ్మ అంటోంది. రక్తం ఎక్కించాల్సి వస్తుందేమోనని మా ఆయన టెన్షన్ పడుతున్నారు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

చంద్రగిరి_అక్క | ఆదివారం, రాత్రి 11:05

భయపడొద్దు చెల్లీ. బీట్‌రూట్ రసం, దానిమ్మ, ఖర్జూరం రోజూ పెట్టు. మా పెద్దోడికి అవే పెట్టాను. నెలలో బుగ్గలు ఎర్రబడ్డాయి.

పిల్లల_డాక్టర్_తిరుపతి | సోమవారం, ఉదయం 6:30

పలమనేరు అమ్మగారూ, నేను తిరుపతిలో పిల్లల వైద్యుణ్ణి. చెప్పేముందు కొన్ని అడగాలి. రోజుకు మొత్తం ఎన్ని పాలు తాగుతాడు? సీసా ఎన్ని మిల్లీలీటర్లది? ఆవుపాలు ఎన్నో నెలలో మొదలుపెట్టారు? సిరప్ దేనితో పోస్తున్నారు? నెలలు నిండాకే పుట్టాడా, పుట్టినప్పుడు బరువెంత? కడుపుతో ఉన్నప్పుడు మీ హిమోగ్లోబిన్ ఎంత ఉండేది?

పలమనేరు_అమ్మ | సోమవారం, మధ్యాహ్నం 2:15

డాక్టర్ గారూ, సీసా 200 మి.లీ.ది. పొద్దున లేవగానే ఒకటి, పదకొండుకు ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునేముందు ఒకటి, రాత్రి మధ్యలో లేస్తే ఇంకొకటి. మొత్తం అయిదు. నాకు పాలు సరిగా పడలేదు, పైగా పొలం పనికి పోవాల్సి వచ్చింది, ఏడో నెలలోనే ఆవుపాలు మొదలుపెట్టాం. వాటితో పాటు బిస్కెట్లు. అన్నం ఏడాది దాటాకే.

నెలలు నిండాకే పుట్టాడు, 2.6 కిలోలు. నాకు ఎనిమిదో నెలలో 8.5 ఉండింది. మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే వాంతులయ్యేవి, అందుకని మానేశాను, ఇంట్లో వేసుకుంటున్నానని చెప్పాను. ఇప్పుడు అది తలుచుకుంటే ఏడుపొస్తుంది.

సిరప్ ఇనుప వాసన కొడుతుందని ఉమ్మేసేవాడు. అందుకని పొద్దున పాల సీసాలో కలిపి ఇస్తున్నా. పూర్తిగా తాగేస్తాడు.

పిల్లల_డాక్టర్_తిరుపతి | సోమవారం, రాత్రి 9:50

అమ్మా, జవాబు మీ మాటల్లోనే ఉంది. మందు మంచిదే. దాన్ని పాలలో కలపడం వల్ల ఒంటికి పట్టలేదు. పాలలోని కాల్షియం, కేసీన్ అనే ప్రోటీన్ ఇనుమును పేగుల్లో పట్టనివ్వవు. నెల రోజులు మీరు పోసిన మందులో చాలా భాగం మలంలో పోయింది. ఇందులో మీ తప్పు లేదు. చీటీ ఇచ్చినవాళ్ళు ఒక్క నిమిషం చెప్పి ఉండాల్సింది.

ముందు భయం సంగతి. పిల్లల్లో 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత అంటాం. 7 నుంచి 10 లోపు మధ్యస్థం. ఆయాసం లేకుండా ఆడుకుంటూ ఉన్న బిడ్డకి 7.8 దగ్గర రక్తం ఎక్కించం. నోటి మందుతోనే పెరుగుతుంది. అయిదేళ్ళలోపు పిల్లలకి 11 ఉండాలని చాలాకాలంగా లెక్క. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేళ్ళలోపు వాళ్ళకి ఆ గీత 10.5కి మార్చింది. ఏ లెక్కన చూసినా మీ బాబుకి చికిత్స కావాలి. కానీ గాభరా పడాల్సిన స్థితి కాదు. ఊపిరి వేగంగా తీస్తున్నా, కాళ్ళు ముఖం ఉబ్బినా, మందకొడిగా పడుకుండిపోతున్నా మాత్రం ఆగకుండా తిరుపతి రుయా ఆసుపత్రికో, దగ్గర్లో పిల్లల వార్డు ఉన్న ఆసుపత్రికో తీసుకెళ్ళాలి.

ఎందుకు తగ్గిందో చెబుతాను. బిడ్డ పుట్టేటప్పుడు తల్లి దగ్గర నుంచి ఇనుము మూట కట్టుకుని వస్తాడు. ఆ మూట సుమారు ఆరు నెలలు వస్తుంది. తల్లికి రక్తం తక్కువున్నా, నెలలు నిండకముందే పుట్టినా, తక్కువ బరువుతో పుట్టినా, కవలలైనా మూట చిన్నదవుతుంది. కాన్పు కాగానే బొడ్డుతాడు కొయ్యకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం బిడ్డకి చేరి మూట కాస్త పెరుగుతుంది. ఇక ఆరో నెల నుంచి పెట్టే తిండిలోంచే ఇనుము రావాలి. అదే సమయంలో బిడ్డ ఏపుగా పెరుగుతుంటాడు. పుట్టినప్పటి బరువు ఏడాదికి మూడింతలవుతుంది. అంత ఒంటికి సరిపడా రక్తం తయారవ్వాలంటే ఇనుము కావాలి కదా. మీ బాబుకి సరిగ్గా ఆ నెలల్లో ఆవుపాలు, బిస్కెట్లు పడ్డాయి.

ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకి రోజుకు 8 మి.గ్రా. ఇనుము కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. లీటరు ఆవుపాలలో 1 మి.గ్రా. కూడా ఉండదు. తల్లిపాలలోనూ ఇనుము తక్కువే, కానీ ఉన్నదాంట్లో ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది. ఆవుపాలది అలా కాదు. పైగా ఏడాదిలోపు పోస్తే కొందరు పసివాళ్ళకి పేగుల నుంచి కంటికి కనపడనంత రక్తం రోజూ పోతుంది. ఇంకో సంగతి, మీ బాబు తాగే లీటరు పాలలో 600కి పైగా కేలరీలున్నాయి. ఈ వయసు బిడ్డకి రోజంతటికీ కావలసింది వెయ్యి చిల్లర. అంటే సగానికి పైగా కడుపు పాలతోనే నిండిపోతుంది. ఆకలి లేనివాడు అన్నానికి నోరెందుకు తెరుస్తాడు?

సున్నం, మట్టి తినేది చాలావరకు ఇనుము లోపం వల్లనే. కొందరు బలపాలు, ఇటుక పెళ్ళలు కూడా తింటారు. మట్టి వల్ల పురుగులు వస్తాయి, అవి ఇంకా రక్తం తీస్తాయి, అది నిజమే. కానీ మీ బాబు విషయంలో మొదలు పాల దగ్గరే ఉంది. పాత పెయింట్ పెళ్ళలు మాత్రం అస్సలు నోట్లోకి పోనివ్వకండి. వాటిలో సీసం ఉండొచ్చు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. సిరప్ పాలకు గంట ముందు గానీ, తాగిన రెండు గంటల తర్వాత గానీ పొయ్యండి. నీళ్ళతోనో, నిమ్మరసం పిండిన నీళ్ళతోనో ఇవ్వొచ్చు. డ్రాపర్‌తో నాలుక వెనక వైపు, చెంప పక్కగా పోస్తే పళ్ళకి మరకలు పట్టవు, తర్వాత రెండు గుక్కల నీళ్ళు తాగించండి. మలం నల్లగా వస్తుంది, కంగారు పడొద్దు. డోసు అనేది సీసా మీద పెద్దక్షరాల్లో ఉండే అంకెను బట్టి కాదు, ఎలిమెంటల్ ఐరన్ (అసలు ఇనుము) ఎంత అని రాసి ఉంటుంది, దాన్ని బట్టి. చికిత్సకి సాధారణంగా కిలో బరువుకి రోజుకు 3 మి.గ్రా. చొప్పున లెక్క. మీ సీసా తీసుకుని దగ్గర్లోని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఎన్ని మి.లీ. అవుతుందో రాయించుకోండి, ఇక్కడ చదివి మీరే మార్చకండి. సీసా ఎత్తులో, బిడ్డకి అందనిచోట పెట్టండి. తియ్యగా ఉందని పిల్లలు ఎత్తి తాగేస్తే ఇనుము విషమై ప్రాణం మీదికి వస్తుంది. నేను అలాంటి బిడ్డల్ని చూశాను.

పాలు రోజుకు 400 నుంచి 500 మి.లీ. దాటనివ్వకండి, అదీ గ్లాసుతో. మొదట రాత్రి మధ్యలో ఇచ్చే సీసా ఆపండి.

బీట్‌రూట్, దానిమ్మ గురించి చంద్రగిరి అక్కగారు ప్రేమతో చెప్పారు. వాటి రంగు ఎరుపే గాని వాటిలో ఇనుము చాలా కొద్ది. పెట్టండి, తప్పులేదు. వాటిని నమ్ముకుని మందు మాత్రం ఆపొద్దు.

బంగారుపాళెం_పాడిరైతు | మంగళవారం, ఉదయం 5:45

డాక్టర్ గారికి నమస్కారం. ముప్పై ఏళ్ళుగా పాడి మీదే బతుకుతున్నాను. మా జిల్లాలో ఎన్ని ఇళ్ళు పాలమీద నిలబడ్డాయో మీకు తెలుసు. మా నాయన, నేను, నా పిల్లలు అందరం పాలు తాగే పెరిగాం. ఎవరికీ రక్తం తగ్గలేదు. పాలవల్ల రక్తం పోతుందని నలుగురిలో చెబితే చదవనివాళ్ళు పిల్లలకి పాలే మానేస్తారు. ఆ మాట కొంచెం ఆలోచించి చెప్పండి సార్. నా మనవరాలికి రెండేళ్ళు. పాలే ప్రాణం.

కుప్పం_అవ్వ | మంగళవారం, ఉదయం 11:20

నేను చెబుతుంటే మా మనవరాలు టైపు చేస్తోంది.

పాడిరైతు నాయనా, నువ్వు పెరిగిన కాలంలో పాలు ఎంత తాగావు? పాలన్నీ ఊళ్ళోకి అమ్మేవాళ్ళు. మిగిలింది మజ్జిగ. ఆ మజ్జిగ సంగటిలోకి పోసుకుని తాగాము. సంగటి పక్కన పుల్లగూర ఉండేది, ఉలవచారు ఉండేది, ఊరుబిండి ఉండేది. సంగటికి తోడు పాలు తాగినాం మనం. ఇప్పటి పిల్లలు సంగటి బదులు పాలు తాగుతున్నారు. అదీ తేడా.

నా సంగతి చెబుతాను. నా పెద్ద కూతురి బిడ్డకి ఆర్నెల్లప్పుడు తల్లిపాలు చాలక మేకపాలు పోశాను. మేకపాలు తేలికగా అరుగుతాయని మా అమ్మ చెప్పింది, అందుకే పోశాను. పదో నెలకి బిడ్డ పాలిపోయి వాడిపోయాడు. ఆసుపత్రిలో చెబితేగాని తెలియలేదు, మేకపాలలో ఫోలిక్ ఆమ్లం దాదాపు ఉండదంట, అది లేకుంటే కూడా రక్తం తయారు కాదంట. వాడికిప్పుడు పదిహేడేళ్ళు, బాగున్నాడు. నాకు మాత్రం ఆ నెల మనసులోంచి పోలేదు. ప్రేమతోనే పోశాను, అయినా తప్పు జరిగింది. పలమనేరు తల్లీ, నిన్ను నువ్వు తిట్టుకోకు.

తిండి సంగతి చెబుతా. రాగులు నేరుగా పిండి పట్టించకు. రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసురు. ఆ పిండితో జావ కాస్తే నున్నగా ఉంటుంది, బిడ్డ మింగుతాడు. చిర్రాకు, చింతాకు పప్పులో వేసి మెత్తగా ఎనిపి నెయ్యి చుక్క వేసి పెట్టు. చలికాలంలో అనపగింజల పితికిపప్పు దొరికినన్నాళ్ళు వదలకు. మాంసం తినేవాళ్ళయితే నాటుకోడి కార్జం ఉడకబెట్టి వేళ్ళతో నలిపి రెండు ముద్దలు పెట్టు, అదే పెద్ద మందు. కూర ఇనుప బాణలిలో చెయ్యి.

పిల్లల_డాక్టర్_తిరుపతి | మంగళవారం, రాత్రి 10:10

అవ్వగారు చెప్పినదానికి నేను కలపాల్సింది కొద్దిగానే ఉంది. రాగుల్లో కాల్షియం చాలా ఎక్కువ, ఇనుము ఓ మోస్తరు. ఆ ఇనుమును గింజలోని ఫైటేట్ అనే పదార్థం పట్టి ఉంచుతుంది. మొలకెత్తిస్తే ఫైటేట్ తగ్గుతుంది, అవ్వగారి పద్ధతి అందుకే మంచిది. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. అదే ముద్దలో నిమ్మకాయ పిండితే, పక్కన జామపండో ఉసిరికాయో పెడితే బాగా పడుతుంది. కార్జం, మాంసం, చేపల్లోని ఇనుము వేరే రకం, దానికి ఈ అడ్డంకులు తక్కువ. కోడిగుడ్డు మంచి ఆహారమే కాని ఇనుముకి దాని మీదే ఆధారపడొద్దు.

టీ గురించి కూడా చెప్పాలి. మన దగ్గర రెండేళ్ళ బిడ్డకి కూడా టీలో బన్ను ముంచి పెడతారు. టీలోని టానిన్లు అన్నంలోని ఇనుమును కట్టేస్తాయి. చిన్నపిల్లలకి టీ వద్దే వద్దు.

పాడిరైతు గారూ, పాలు మానెయ్యమని నేను చెప్పను. కాల్షియం, ప్రోటీన్, బీ12 పాలు ఇస్తాయి. ఏడాది దాటిన బిడ్డకి రోజుకు రెండు గ్లాసులు మంచివి. అయిదు సీసాలయితేనే కష్టం. మీ మనవరాలు రోజుకు ఎన్ని తాగుతుందో ఒకసారి కొలిచి చూడండి. అరచేతులు, గోళ్ళు, కంటి కింది రెప్ప లోపలి భాగం చూడండి. పాలిపోయి ఉంటే ఒక సీబీపీ (పూర్తి రక్త పరీక్ష) చేయించండి.

అంగన్‌వాడీ_టీచర్ | బుధవారం, మధ్యాహ్నం 3:40

నేను చిత్తూరు జిల్లాలో ఒక అంగన్‌వాడీలో పనిచేస్తున్నాను. ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ అనే కేంద్ర పథకం కింద 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు బిడ్డలందరికీ ఇనుము, ఫోలిక్ ఆమ్లం సిరప్ ఉంటుంది. వారానికి రెండుసార్లు 1 మి.లీ. చొప్పున. అందులో 20 మి.గ్రా. ఇనుము, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. అది రక్తహీనత రాకుండా కాపాడే మోతాదు. ఇప్పటికే 7.8కి పడిపోయిన బిడ్డకి అది చాలదు, డాక్టర్ రాసిన రోజువారీ మోతాదు వేరు. కొందరు తల్లులు "ఆసుపత్రి సిరప్ పోస్తున్నాం కదా" అని మాది ఆపుతారు, అది సరే. కొందరు "మీ సిరప్ ఉంది కదా" అని ఆసుపత్రిది ఆపుతారు. అదే తప్పు.

ఇళ్ళకు వెళ్ళి చూస్తే సగం సీసాలు బీరువా పైన సీలు కూడా తియ్యకుండా ఉంటాయి. ఒక తల్లి బిడ్డకి మలం నల్లగా వచ్చిందని పారబోసింది. ఎవరూ ముందు చెప్పలేదు ఆమెకి. అప్పటి నుంచి నేను సీసా చేతికిచ్చే ముందే "నల్లగా వస్తుంది, మంచిదే" అని చెబుతున్నా. ఆ ఒక్క మాట చెప్పినప్పటి నుంచి వాడేవాళ్ళు పెరిగారు.

నులిపురుగుల మాత్ర ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇస్తాం. ఏడాది నుంచి రెండేళ్ళ వాళ్ళకి అల్బెండజోల్ సగం మాత్ర పొడి చేసి, రెండేళ్ళు దాటితే మొత్తం మాత్ర. ఏడాదిలోపు వాళ్ళకి ఇవ్వం. కొంకి పురుగులు చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల పాదాల చర్మంలోంచే లోపలికి పోయి పేగుకు పట్టుకుని రక్తం తాగుతాయి. బయలుకు వెళ్ళే చోట్ల, తోటల్లో ఇది ఎక్కువ. మాత్ర ఒక్కటే చాలదు, చెప్పులు కావాలి, మరుగుదొడ్డి కావాలి.

బియ్యం సంగతి కూడా రాయాలి. రేషన్ బియ్యంలో అక్కడక్కడా కొంచెం రంగు తేడాగా గింజలు కనపడితే ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు. నానబెడితే తేలుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు పంపుకుంటున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి మళ్ళీ గింజలా చేసినవి. వంద కిలోలకి ఒక కిలో చొప్పున కలిపిన గింజలవి. చేటలో కూర్చుని శ్రద్ధగా వాటినే ఏరి పారేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

రేణిగుంట_ల్యాబ్ | బుధవారం, రాత్రి 8:30

ల్యాబ్‌లో పన్నెండేళ్ళుగా ఉన్నాను. 7.8 నుంచి 7.9 అంటే పెరిగినట్టు కాదు, అంత తేడా అదే నమూనా రెండుసార్లు నడిపినా వస్తుంది. వేలు గుచ్చి గట్టిగా పిండితే కణజాలపు నీరు కలిసి అంకె తప్పుగా రావొచ్చు. అందుకే చికిత్స మొదలుపెట్టాక నరం నుంచి తీసిన రక్తంతో, వీలైతే ఒకే ల్యాబ్‌లో చేయించండి.

సర్వేల అంకెల్లో కూడా ఇదే కారణంగా కొంత తేడా ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వేలి రక్తంతో చేసింది. దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి, మన రాష్ట్రంలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. 2016-18లో నరం రక్తంతో చేసిన సమగ్ర పోషకాహార సర్వేలో 1-4 ఏళ్ళ పిల్లల్లో సుమారు 41 శాతం వచ్చింది. తక్కువ అంకెనే తీసుకున్నా అయిదుగురిలో ఇద్దరు. మా బల్ల ముందు కూర్చునే పిల్లల్లో నేను రోజూ చూస్తున్నది అదే.

నగరి_నాన్న | గురువారం, ఉదయం 7:15

అందరూ పాలు, ఇనుము అంటున్నారు, నిజమే. కానీ ఇంకొకటి కూడా ఉంది, ఎవరూ మా దారిలో పోకూడదని రాస్తున్నా.

మా పాపకి మూడేళ్ళప్పుడు 9.6. ఆరు నెలలు సిరప్ సరిగ్గానే పోశాం, నిమ్మరసంతోనే. పెరగలేదు. రెండు చోట్ల చూపిస్తే ఇద్దరూ సిరప్ పేరు మార్చారు, అంతే. మూడోచోట ఒక మేడమ్ పాత రిపోర్టులు బల్ల మీద వరసగా పరిచి చూశారు. ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 62, ఎర్రకణాల సంఖ్య 5.6 (మిలియన్లలో). "ఇనుము లోపమైతే కణాల సంఖ్య కూడా తగ్గాలి, మీ పాపకి ఎక్కువుంది" అన్నారు. 62ని 5.6తో భాగిస్తే 11 వస్తుంది, 13 కంటే తక్కువ వస్తే తలసేమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త లోపం) లక్షణం ఉందేమో చూడాలట. హిమోగ్లోబిన్ రకాలు విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేస్తే, అందులో హెచ్‌బీఏ2 అనే రకం ఎక్కువగా, 5.1 శాతం వచ్చింది. తలసేమియా మైనర్. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్ మామూలుగానే ఉంది, అంటే ఆరు నెలలు అక్కర్లేని ఇనుము పోశాం.

పాపకి జబ్బేమీ లేదు, మందు అక్కర్లేదు, హాయిగా స్కూలుకి పోతోంది. కానీ నాకూ పరీక్ష చేశారు, నా నుంచే వచ్చింది. మాది మేనరికం. నా భార్యకి కూడా ఉండి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగో వంతు అవకాశం బిడ్డకి తలసేమియా మేజర్ రావడానికి. అంటే జీవితమంతా నెలనెలా రక్తం ఎక్కించడం. ఆమె రిపోర్టు వచ్చిన మూడు రోజులు మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. ఆమెకి లేదు. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి చెబుతున్నా, సరిగ్గా మందు పోసినా నెలకి కనీసం 1 పెరగకపోతే ఈ పరీక్ష అడగండి.

తిరుచానూరు_శాకాహారి | గురువారం, రాత్రి 9:00

మాంసం తినని ఇళ్ళవాళ్ళకి ఒక మాట. మా అక్క పాపకి ఎనిమిది నెలలు, తల్లిపాలు మాత్రమే. బాగా నవ్వే పాప నవ్వడం మానేసింది, కూర్చునేది కూర్చోలేకపోయింది, చేతులు వణికేవి, వేళ్ళ కణుపులు నల్లబడ్డాయి. అందరం దిష్టి అనుకున్నాం. రక్తం 8.2. ఇనుముతో పాటు బీ12 బాగా తక్కువ, అక్కకి కూడా తక్కువే. అక్క పాలు, పెరుగు కూడా ఇష్టపడదు. తల్లిలో లేనిది తల్లిపాలలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? బీ12 ఇంజెక్షన్లు ఇచ్చిన రెండు వారాలకి నవ్వింది. పసిబిడ్డ నేర్చుకున్నది మర్చిపోతుంటే ఒక్కరోజు కూడా ఆగకండి.

చంద్రగిరి_అక్క | గురువారం, రాత్రి 10:25

నేను మొదట బీట్‌రూట్ అని రాశాను. ఇదంతా చదివాక మా చిన్నోడికి నిన్న సీబీపీ చేయించాను. 10.1. వాడికి రోజూ సాయంత్రం టీలో రస్కు నేనే పెడుతున్నాను. ఆపేశాను.

పలమనేరు_అమ్మ | పది రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 9:30

అందరికీ చేతులెత్తి నమస్కారం. చిత్తూరులో వేరే పిల్లల డాక్టర్‌కి సీసా చూపించాం. డోసు కూడా తక్కువగానే ఉందన్నారు, సరిచేసి రాసిచ్చారు. ఫెరిటిన్ చేశారు, 6 వచ్చింది. మామూలుగా కనీసం 12 ఉండాలంట. ఇనుము మూట పూర్తిగా ఖాళీ అయిపోయిందన్నమాట.

పాల సీసా మాన్పించడం చాలా కష్టమైంది. మొదటి మూడు రాత్రులు ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అత్తమ్మ "బిడ్డను కడుపు మాడుస్తున్నావు" అని నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే తానే వచ్చి చింతాకు పప్పు కలిపిన అన్నం పెట్టింది, వాడు ఆవురావురుమని తిన్నాడు. అప్పుడు ఆమె కూడా ఏడ్చింది. ఇప్పుడు పాలు రెండు గ్లాసులే. సిరప్ పొద్దున నిమ్మనీళ్ళతో.

పిల్లల_డాక్టర్_తిరుపతి | సోమవారం, ఉదయం 6:20

చాలా బాగుంది. వారం పది రోజుల్లో కొత్త ఎర్రకణాలు పుట్టడం మొదలవుతుంది, అంకె కనపడటానికి నెల పడుతుంది. అంకె మామూలుకి వచ్చాక కూడా రెండు మూడు నెలలు మందు ఆపకూడదు, ఖాళీ అయిన మూట నిండాలి. చాలామంది ఇక్కడే ఆపి మళ్ళీ మొదటికి వస్తారు. ఇంకో విషయం, మీ హిమోగ్లోబిన్ ఎంతో చూపించుకున్నారా? మీ గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు.

పలమనేరు_అమ్మ | రెండు నెలల తర్వాత, శనివారం, మధ్యాహ్నం 1:10

నెలకి 9.3 వచ్చింది, నిన్న 10.8. గోడ దగ్గరికి పోవడం మూడో వారంలోనే మానేశాడు. ముందు పది అడుగులు వేసి ఎత్తుకోమనేవాడు, ఇప్పుడు పశువుల పాక దాకా తానే పరిగెత్తుతున్నాడు. మందు ఇంకో మూడు నెలలు రాశారు.

డాక్టర్ గారూ, మీరు అడిగారని నేనూ చేయించుకున్నాను. 9.1. రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకోమన్నారు. అలా వేసుకుంటే వాంతి రావడం లేదు. రెండో బిడ్డ గురించి ఇంట్లో మాట వచ్చింది, ముందు నాది 12 దాటాలని మా ఆయనకి గట్టిగా చెప్పాను.

బంగారుపాళెం_పాడిరైతు | శనివారం, రాత్రి 8:15

డాక్టర్ గారూ, ఆ రోజు మీ మీద కాస్త గట్టిగా రాశాను, మన్నించండి. మీరు చెప్పినట్టు మనవరాలి పాలు కొలిచాం. రోజుకు లీటరు దాటుతున్నాయి. కోడలు కంటి రెప్ప చూసి నన్ను పిలిచింది, తెల్లగా ఉంది. పరీక్ష చేయిస్తే 8.4. మందు మొదలుపెట్టి మూడు రోజులైంది. అంత పాడి పెట్టుకుని నేను చూడలేకపోయాను.

రాత్రి సీసా కోసం మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. పలమనేరు అమ్మా, మీరెలా మాన్పించారు?

పలమనేరు_అమ్మ | శనివారం, రాత్రి 9:05

అన్నా, ఒక్కసారిగా ఆపకండి, నేను అలా చేసే మూడు రాత్రులు కష్టపడ్డాను. ఆ తర్వాత మా డాక్టర్ గారు చెప్పింది ఇది. రాత్రి సీసాలో మొదట 200 బదులు 150 పాలు పొయ్యండి, రెండు రోజులకి 100, తర్వాత 50, ఆ తర్వాత నీళ్ళు. పడుకునేముందు ఎనిమిదింటికి పప్పన్నమో రాగిజావో కడుపునిండా పెడితే మధ్యలో ఆకలికి లేవదు. రాత్రి లేచినప్పుడు తల్లి కాకుండా మీరో, ఇంకొకరో ఎత్తుకోండి. మావాడికి మా ఆయన ఎత్తుకుంటే సీసా గుర్తు రాలేదు. సీసాలు కళ్ళకి కనపడనిచోట పెట్టండి. సిరప్ పాలకి దూరంగానే పోస్తున్నారు కదా?

బంగారుపాళెం_పాడిరైతు | శనివారం, రాత్రి 9:20

గంట ముందు, నిమ్మనీళ్ళతో. గోడ మీద కోడలు రాసి పెట్టింది. ఈ రాత్రి నుంచి నేనే ఎత్తుకుంటానమ్మా.